గడువు దాటిన బిల్లుకు ఆలస్య రుసుము

ఫ్రీలాన్సుగా బతికేవారిలో చాలామందికి పని సంపాదించుకోవడం కన్నా, చేసిన పనికి డబ్బు రాబట్టుకోవడమే పెద్ద ప్రయాస. నేను హైదరాబాదులో ఉండి అనువాదాలు చేస్తాను. ప్రకటనల ఏజెన్సీలు, శిక్షణ సంస్థలు, సబ్‌టైటిళ్ల పని తీసుకునే స్టూడియోలు నాకు పని ఇస్తుంటాయి. ఈ రంగంలో బిల్లు పంపిన నెలకు డబ్బు ఖాతాలో పడితే దాన్ని సకాలంలో వచ్చినట్టుగానే లెక్కిస్తాం. రెండు మూడు నెలలు పట్టడం ఎవరికీ వింతగా తోచదు. తోటివారితో ఆలస్య రుసుము ప్రస్తావన తెచ్చినప్పుడల్లా ముందు వినపడే మాట ఒక్కటే: "అడిగితే మళ్లీ పని ఇవ్వరేమోనండీ." ఆ భయం పూర్తిగా అర్థం లేనిదని నేను అనను. అయితే ఆలస్య రుసుము గురించి ఎప్పుడు మాట్లాడుతున్నాం అన్నదానిపైనే ఆ భయానికి బలం ఉందా లేదా అన్నది ఆధారపడుతుంది. పని ఒప్పుకునే రోజున మాట్లాడితే అది కేవలం ఒక షరతు. డబ్బు ఆగిపోయాక మొదటిసారి ఎత్తితే అదే తగాదా అవుతుంది.

మన దగ్గర వడ్డీ తెలియని ఇల్లు లేదు. ఊళ్లో తెలిసినవారి దగ్గర లక్ష రూపాయలు తీసుకున్నా ప్రామిసరీ నోటు రాసి, నూటికి రూపాయిన్నరో రెండో అని మాట అనుకుని, ఎవరికీ నొప్పి కలగకుండా వ్యవహారం ముగిస్తాం. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమని లెక్క చెప్పలేని రైతు ఉండడు. కానీ ఏజెన్సీ దగ్గర మూడు నెలలుగా ఆగిన నలభై వేల రూపాయల బిల్లును మాత్రం మనం అప్పుగా చూడం. ఆ డబ్బుతో వాళ్ల వ్యాపారం నడుస్తూ ఉంటుంది, మన క్రెడిట్ కార్డు మీద వడ్డీ పెరుగుతూ ఉంటుంది, అయినా అడగడానికి మొహమాటం. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అకౌంట్స్ విభాగం సంగతి వేరే చెప్పాలా?

అయితే ఎలా అడగాలన్నది చట్టంతో ముడిపడిన విషయం. బిల్లు అడుగున చిన్న అక్షరాలతో "ఆలస్యమైతే నెలకు 2 శాతం" అని అచ్చు వేసినంత మాత్రాన అది ఒప్పందం అయిపోదు. అవతలివారు పని అప్పగించినప్పుడు లేని షరతును పని పూర్తయ్యాక మనం ఒక్కరమే చేర్చామని వాదించడానికి వారికి వీలుంటుంది. అందుకే ఆ వాక్యం కొటేషన్‌లో ఉండాలి, లేదా పని మొదలుపెట్టే ముందు పంపే మెయిల్‌లో ఉండాలి; దానికి అవతలినుంచి "సరే, మొదలుపెట్టండి" అన్న జవాబు రావాలి. మన దేశంలో చిన్న పనులకు స్టాంపు కాగితాల మీద ఒప్పందాలు ఎవరూ రాసుకోరు. ఆ రెండు మెయిళ్లే ఒప్పందం. ఫోనులో అన్నీ మాట్లాడుకున్నా సరే, ఫోను పెట్టేసిన పది నిమిషాల్లో "మనం ఇప్పుడు అనుకున్నవి ఇవి" అంటూ నాలుగు వాక్యాల మెయిల్ పంపడం నా అలవాటు.

నేను రాసే షరతు ఇలా ఉంటుంది: "బిల్లు అందిన తేదీ నుంచి 30 రోజుల్లో చెల్లింపు జరగాలి. గడువు దాటిన మొత్తంపై, దాటిన రోజు నుంచి చెల్లించే రోజు వరకు, నెలకు 1.5 శాతం చొప్పున ఆలస్య రుసుము వర్తిస్తుంది. పనిలో మార్పులు కావలసి ఉంటే, పని అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలి." ఈ చివరి వాక్యం ఆలస్య రుసుముకు సంబంధం లేనిదిగా కనిపిస్తుంది కానీ, అసలు కీలకం అదే. ఆలస్యాలలో పెద్ద భాగం "పని ఇంకా అప్రూవ్ కాలేదండి" అన్న ఒక్క సాకు వెనుక దాక్కుంటుంది. గడువు ఎప్పుడు మొదలైందో తేలకపోతే అది ఎప్పుడు దాటిందో కూడా తేలదు.

రేటు విషయంలో అత్యాశ పనికిరాదు. భారత ఒప్పంద చట్టం, 1872లోని 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో జరిమానా ఎంత రాసుకున్నా, కోర్టు ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే ఇప్పిస్తుంది. గడువు తప్పిన రోజు నుంచి పెంచి వేసే వడ్డీ కూడా జరిమానా కిందికి రావచ్చని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. నెలకు 5 శాతం అని రాసుకుంటే బెదిరింపుగా పనికివస్తుందేమో కానీ, నిలబడుతుందన్న భరోసా లేదు. నెలకు ఒకటిన్నర, మహా అయితే రెండు శాతం అంటే ఊళ్లో వడ్డీలాంటిదే కాబట్టి ఎవరూ ఉలిక్కిపడరు. ఇక ఒప్పందంలో వడ్డీ ప్రస్తావనే లేకపోతే అంతా పోయినట్టు కాదు. వడ్డీ చట్టం, 1978లోని 3వ సెక్షన్ కింద, వడ్డీ అడుగుతున్నట్టు రాతపూర్వకంగా నోటీసు ఇస్తే ఆ నోటీసులో చెప్పిన తేదీ నుంచి వడ్డీ ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. కనుక ఆగిపోయిన బిల్లు గురించి పంపే మొదటి గట్టి మెయిల్‌లో "ఫలానా తేదీ నుంచి వడ్డీ కోరుతున్నాను" అన్న మాట తప్పక ఉండాలి.

శాతాల లెక్కలో ఒక బలహీనత ఉంది. ఎనిమిది వేల రూపాయల బిల్లుకు నెలకు ఒకటిన్నర శాతమంటే 120 రూపాయలు. దానికోసం పంపే మెయిళ్ల మీద పెట్టే సమయం విలువ అంతకన్నా ఎక్కువ. బ్రిటన్‌లో 1998 నాటి వాణిజ్య బకాయిల ఆలస్య చెల్లింపుల చట్టం ఈ చిక్కును గుర్తించింది. అక్కడ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మూల రేటు మీద 8 శాతం కలిపిన వడ్డీతో పాటు, వెయ్యి పౌండ్ల లోపు బకాయికి 40, పదివేల లోపు దానికి 70, ఆపైన 100 పౌండ్లు స్థిర మొత్తంగా అడగవచ్చు. మన చట్టంలో అలాంటి స్థిర మొత్తం లేదు కానీ, ఒప్పందంలో మనమే రాసుకోవడానికి అడ్డు లేదు. పదివేల లోపు పనులకు నేను శాతం జోలికి పోను. గడువు దాటితే 500 రూపాయలు అని రాస్తాను. అకౌంట్స్‌లో కూర్చున్న వ్యక్తికి ఒక అంకె వెంటనే అర్థమవుతుంది.

ఇక్కడినుంచి చెప్పబోయేది మన దేశంలో ఫ్రీలాన్సర్లకు ఉన్న అసలు బలం. దాన్ని వాడుకునేవారు తక్కువ, దాని పేరు విన్నవారు మాత్రం చాలామంది. అది సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006. పేరులో సంస్థ అని ఉంది కదా, ఇంట్లో కూర్చుని ఒంటరిగా పనిచేసే మనకు ఇది వర్తించదని చాలామంది అనుకుంటారు. ఒక్క మనిషి అందించే సేవ కూడా ఆ చట్టం దృష్టిలో సూక్ష్మ సంస్థే. 2020 జూలై 1 నుంచి అమలులో ఉన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్ సంఖ్యలతో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి సూక్ష్మ సంస్థ టర్నోవరు పరిమితి పది కోట్ల రూపాయలు కాబట్టి, దాన్ని దాటే అనువాదకుడు ఎక్కడైనా ఉంటే నాకూ కలవాలని ఉంది. డబ్బు తీసుకుని నమోదు చేయించే వెబ్‌సైట్ల జోలికి మాత్రం పోవద్దు.

ఈ చట్టం 15వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు, అంటే మనకు పని ఇచ్చినవారు, ఒప్పందంలో అనుకున్న తేదీకల్లా చెల్లించాలి. ఆ గడువు ఎంత అనుకున్నా, పనిని అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు మించడానికి వీల్లేదు. గడువు గురించి ఏమీ అనుకోకపోతే 15 రోజుల్లోనే చెల్లించాలి. ఏజెన్సీలు తమ ఫారాల్లో అచ్చు వేసి పంపే "90 రోజుల పేమెంట్ సైకిల్" నమోదైన సూక్ష్మ సంస్థ మీద చెల్లదు, దానికింద మనం సంతకం చేసినా చెల్లదు. పని అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం రాకపోతే, అందిన రోజునే అంగీకరించినట్టు లెక్క. అభ్యంతరం వస్తే, దాన్ని మనం సరిచేసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. నా షరతులో చివరి వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో మీకు ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

గడువు దాటితే 16వ సెక్షన్ పనిచేస్తుంది. రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు (బ్యాంకులకు అది అప్పిచ్చే ఒక ప్రామాణిక రేటు) మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా అసలుకు కలిసే చక్రవడ్డీ. ఒప్పందంలో మరోలా రాసుకున్నా ఈ సెక్షన్‌దే పైచేయి. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లపాటు బ్యాంకు రేటు 6.75 శాతంగా ఉన్నప్పుడు ఇది ఏడాదికి 20.25 శాతం అయ్యేది. 2025 డిసెంబరులో బ్యాంకు రేటు 5.50 శాతానికి దిగాక 16.5 శాతం అయింది. అంటే నెలకు 1.375 శాతం. నలభై వేల బిల్లు గడువు దాటి మూడు నెలలు ఆగితే వడ్డీ సుమారు 1,673 రూపాయలు, ఆరు నెలలు ఆగితే సుమారు 3,415 రూపాయలు. ఈ మొత్తంతో ఎవరి జీవితమూ మారిపోదు. కానీ ఇందులో నాకు నచ్చే గుణం వేరే ఉంది: ఈ రేటును నేను నిర్ణయించలేదు, పార్లమెంటు నిర్ణయించింది. "ఇంత ఎందుకు వేశారు?" అని అడిగినవారితో బేరం పెట్టుకోవలసిన అవసరం లేకుండా పోతుంది.

నమోదును వాయిదా వేయకూడదు. పని అందించే నాటికే నమోదై ఉండాలని సుప్రీంకోర్టు 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులోను, 2022లో మహాకాళి ఫుడ్స్ కేసులోను చెప్పింది. 2025 జనవరిలో మరో ధర్మాసనం, ముందే నమోదై ఉండటం అంత తప్పనిసరి కాదన్న అభిప్రాయం చెబుతూ విషయాన్ని పెద్ద ధర్మాసనానికి నివేదించింది. న్యాయస్థానాల్లో నలుగుతున్న ఇలాంటి ప్రశ్నకు మన నలభై వేల బిల్లు ఉదాహరణ కావలసిన పని లేదు. నమోదుకు అరగంట పట్టదు, రూపాయి ఖర్చు లేదు. నమోదయ్యాక వచ్చే ఉద్యమ్ సంఖ్యను ప్రతి బిల్లు మీద, మన పేరు కిందనే కనిపించేలా వేయాలి.

ఆ సంఖ్యకు మార్చి నెలలో ఒక ప్రత్యేకమైన మహిమ వస్తుంది. 2023 ఫైనాన్స్ చట్టం 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి సెక్షన్‌కు (హెచ్) అనే క్లాజును చేర్చింది. అది 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు పైన చెప్పిన 2006 చట్టం 15వ సెక్షన్ గడువులోపు చెల్లించని బిల్లును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేరు. నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. అంటే మన బకాయి వారి లాభంలో కలిసి, దాని మీద వారే పన్ను కట్టాలి. అందుకే ఫిబ్రవరి, మార్చి నెలల్లో అప్పటిదాకా ఫోను ఎత్తని అకౌంట్స్ విభాగం తనంతట తానే "దయచేసి మీ ఉద్యమ్ సర్టిఫికెట్ పంపండి" అంటూ మెయిల్ పంపుతుంది. దాన్ని వెంటనే పంపి, అదే మెయిల్‌లో పాత బిల్లుల జాబితాను, గడువు తేదీలతో సహా, జతచేయాలి. దీనికి మరో ముఖం కూడా ఉంది. నమోదైనవారి దగ్గర కొంటే తలనొప్పి అని కొందరు కొనుగోలుదారులు నమోదు లేనివారి వైపు మొగ్గుతున్నారన్న ఫిర్యాదులు అప్పట్లో వచ్చాయి. సకాలంలో డబ్బు ఇవ్వడం ఇష్టం లేక నమోదైనవారిని దూరం పెట్టే కంపెనీ నాకు పని ఇవ్వకపోతే నష్టపోయేది నేను కాదనే నా అభిప్రాయం. అయితే ఒకే ఏజెన్సీ మీద ఆధారపడి బతికేవారు ఇంత తేలిగ్గా అనలేరని నాకు తెలుసు.

జీఎస్టీ సంగతి క్లుప్తంగా చెబుతాను. సేవలకు 20 లక్షల రూపాయల వార్షిక పరిమితి దాటి జీఎస్టీలో నమోదైనవారికి ఆలస్య రుసుము కూడా సేవ విలువలో భాగమే; దానిమీద కూడా జీఎస్టీ కట్టాలి. అయితే కట్టవలసిన బాధ్యత ఆ రుసుము చేతికి వచ్చినప్పుడే పుడుతుంది. కనుక రుసుమును మొదటి బిల్లులో కలపకుండా విడిగా డెబిట్ నోట్ (అదనంగా రావలసిన మొత్తాన్ని చూపే పత్రం) ఇవ్వడం మేలు. అవతలివారు జీఎస్టీ క్రెడిట్ తీసుకునేవారైతే, అంటే మన బిల్లులోని జీఎస్టీని తాము కట్టే పన్నులోంచి తగ్గించుకునేవారైతే, వారికి మరో చిక్కు ఉంది: బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో మనకు డబ్బు ఇవ్వకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. ఐదో నెలలో పంపే మెయిల్‌లో ఈ మాట మర్యాదగా గుర్తుచేస్తే చాలు. ఇంకో చిన్న హెచ్చరిక: బిల్లులో పదో వంతు తగ్గి వచ్చిందని వెంటనే రుసుము వేయకండి, అది టీడీఎస్, అంటే వారు ముందే కోసి మన పేరిట ప్రభుత్వానికి కట్టిన పన్ను, కావచ్చు. ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో మన పేరిట జమైన టీడీఎస్ వివరాలు చూసుకోవాలి.

అడిగే పద్ధతి గురించి నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. పని ఇచ్చిన క్రియేటివ్ మేనేజర్‌తో డబ్బు మాటలు మాట్లాడటం దండగ. ఆమె చేతిలో ఏమీ ఉండదు, పైగా ఆమెతో ఉన్న సంబంధం చెడుతుంది. మొదటి బిల్లు పంపే రోజునే అకౌంట్స్‌లో ఎవరితో మాట్లాడాలో పేరు, నంబరు తీసుకోవాలి. గడువుకు నాలుగైదు రోజుల ముందు నేను ఒక వాక్యం పంపుతాను: "నమస్కారం అండి, ఈ బిల్లు గడువు వచ్చే శుక్రవారం, మీ వైపు నుంచి ఇంకేమైనా కాగితాలు కావాలా?" ఈ ప్రశ్నతో సగం ఆలస్యాల కారణం బయటపడుతుంది. ఓ ఏజెన్సీలో అకౌంట్స్ చూసే ఆయన ఒకసారి ఇచ్చిన జవాబు ఇది: "మేడమ్, బిల్లు ఉందండి, కానీ పీఓ (పర్చేజ్ ఆర్డరు) నంబరు మ్యాచ్ కావడం లేదు. పీఓ రైజ్ చేయాల్సిన సార్ లీవులో ఉన్నారు." గడువు దాటాక ఈ మాట వింటే కోపం వచ్చి ఉండేది, ముందే విన్నాను కాబట్టి సార్ సెలవు నుంచి రాకముందే ఆయన కింది వ్యక్తి చేత పని జరిగింది.

గడువు దాటిన మర్నాడే రుసుము వేయడం నాకు నచ్చదు. వారం తరువాత ఒక మెయిల్ పంపుతాను. అందులో అసలు, ఇప్పటికి అయిన రుసుము, ఫలానా తేదీలోపు అసలు మొత్తం చెల్లిస్తే ఈసారికి రుసుము వదిలేస్తానన్న మాట, మూడూ ఉంటాయి. ఇందులో లోకువ ఏమీ లేదు. రుసుము ఉందని అంకెతో సహా కాగితం మీద పడింది. దాన్ని తప్పించుకునే తేదీ ఒకటి వారి క్యాలెండరులో చేరింది. అకౌంట్స్ గుమస్తా ముందు నలభై బిల్లులు ఉంటే, అన్నిటిలోకి ఖరీదు పెరుగుతున్న బిల్లును ముందు తీయడానికి అతనికి ఒక కారణం దొరికింది. తన పైవాళ్లకు చూపడానికి ఒక కాగితమూ దొరికింది. ఆ తేదీ కూడా దాటితే మాత్రం డెబిట్ నోట్ పంపాలి, తరువాత బతిమాలినా వెనక్కి తీసుకోకూడదు. ఒకసారి చెప్పి మానేసే రుసుము కన్నా అసలు లేని రుసుమే నయం.

అన్నీ అయిపోయాక మిగిలేది అదే 2006 చట్టం 18వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసే ఫెసిలిటేషన్ కౌన్సిల్. 2017లో సమాధాన్ పోర్టల్ వచ్చినప్పటి నుంచి దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. కౌన్సిల్ ముందు రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు) వెళుతుంది. తొంభై రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఆచరణలో అంతకన్నా చాలా ఎక్కువ పడుతుందని దరఖాస్తు పెట్టినవారందరికీ తెలుసు. అయినా అవతలివారు తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే తీర్పు మొత్తంలో 75 శాతం ముందుగా డిపాజిట్ చేయాలి. ఈ ఒక్క నిబంధన వల్ల రాజీ దశలోనే చాలామంది దారికి వస్తారు. కోర్టు దారి పట్టాలనుకుంటే బాకీ దావాకు మూడేళ్ల కాలపరిమితి ఉందన్నది మరువకూడదు. ఆ మూడేళ్లలోపు బాకీ ఉన్నట్టు అవతలివారు సంతకంతో రాసి ఇస్తే గడువు మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. ఏడాది చివర మనకు ఇంత బాకీ ఉన్నామని వారు సంతకం చేసి పంపే బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లేఖలను అందుకే పారేయకుండా దాచుకోవాలి.

అందరికీ ఒకే పద్ధతి కుదరదు. సొంత పుస్తకం అచ్చు వేయించుకునే రిటైర్డ్ టీచరుకో, చందాల మీద నడిచే చిన్న స్వచ్ఛంద సంస్థకో పని చేసినప్పుడు నేను ఆలస్య రుసుము రాయను. సగం డబ్బు ముందు తీసుకుని, మిగతా సగం ఫైలు ఇచ్చే రోజున తీసుకుంటాను. రుసుము కట్టిన ఏజెన్సీ మళ్లీ పనితో వస్తే కాదనను కూడా. రేటు పాతదే ఉంటుంది. కొటేషన్‌లో మాత్రం గడువు 30 రోజుల నుంచి 15కు తగ్గుతుంది, మూడో వంతు అడ్వాన్సు వచ్చాకే మొదటి పేజీ తెరుస్తాను.